నికెల్ పడని చెవులకు ఏ లోహం దిద్దులు? బంగారం పెట్టినా దురద ఎందుకు?

తెనాలి అమ్మ | మార్చి 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 13 ఏళ్లు. ఏప్రిల్ 6న ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. సరిగ్గా ఇప్పుడే దాని చెవులు పాడయ్యాయి.

సంక్రాంతికి వాళ్ల పిన్ని ఆక్సిడైజ్డ్ జుంకాలు కొనిచ్చింది. పిల్ల ముచ్చటపడి రెండు రోజులు తీయకుండా పెట్టుకుంది. మూడో రోజుకి తమ్మెలు ఎర్రబడ్డాయి, దురద, తర్వాత రసి కారడం మొదలైంది. వెంటనే తీసేసి మా అత్తగారు పెట్టిన 22 క్యారెట్ల బంగారు దిద్దులు పెట్టాను. వారం రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద పసుపు రంగు మచ్చలు. చెవి వెనకాల జుట్టు అతుక్కుపోయి, దువ్వెన పెడితే ఏడుస్తోంది.

చర్మ డాక్టరు గారికి చూపించాం. నికెల్ ఎలర్జీలా ఉంది, ఆర్టిఫిషియల్ నగలు మానేయమన్నారు. మానేశాం. మరి బంగారానికి కూడా ఎందుకు వస్తోంది? ఇప్పుడు ఏది కొనాలి? ఒక షాపులో సర్జికల్ స్టీల్ అంటారు, ఇంకో షాపులో వెండి అంటారు, ఆన్‌లైన్‌లో చూస్తే టైటానియం అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వరంగల్ వదిన | మార్చి 3, రాత్రి 10:15

అయ్యో, పిల్ల ఎంత బాధపడుతోందో. నాకు చిన్నప్పటి నుంచి ఇదే సమస్య. మా అమ్మ దిద్దులు తీసేసి సన్నటి వేపపుల్ల పెట్టేది, నెల తిరిగేసరికి మానిపోయేది. ముందు ఆ దిద్దులు తీసేయండి అక్కా. ఫంక్షన్ నాటికి చెవి మానడం ముఖ్యం.

చర్మ వైద్యం, విశాఖ | మార్చి 3, రాత్రి 11:05

నేను చర్మ వైద్యురాలిని. పిల్లని చూడకుండా మందు చెప్పను కానీ, మీరు రాసినదాంట్లో ఒకటి రెండు సంగతులు స్పష్టంగా ఉన్నాయి.

ఈ ఎలర్జీ పెట్టుకున్న వెంటనే రాదు. లోహం తగిలిన ఒకటి నుంచి మూడు రోజులకి పైకి తేలుతుంది. అందుకే చాలామంది పొరబడతారు. శనివారం పెట్టుకున్న నగకి సోమవారం దురద వస్తుంది. ఆ సోమవారం చెవికి ఏది ఉంటే దాని మీద నింద పడుతుంది. అయితే మీ పిల్లకి జుంకాలు తీసి వారాలైనా తగ్గలేదంటే, పాత దెబ్బ ఇంకా మానలేదని ఒక అర్థం, నికెల్ ఇప్పటికీ ఎక్కడి నుంచో తగులుతోందని ఇంకో అర్థం. రెండోది వెతకండి.

చెవి కుట్టిన రంధ్రం చుట్టూ చర్మం పల్చగా ఉంటుంది. అది పచ్చిగా ఉన్నప్పుడు నికెల్ తగిలితే శరీరం దాన్ని గుర్తుపెట్టేసుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక జీవితాంతం మరిచిపోదు. వయసు పెరిగితే పోతుందని ఎదురుచూడొద్దు. చెమటలో ఉప్పు ఉంటుంది కదా, అది నికెల్‌ని కరిగించి చర్మంలోకి పంపిస్తుంది. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా ఈ కేసులు ఎక్కువయ్యేది అందుకే.

ఖాయం చేసుకోవాలంటే ప్యాచ్ టెస్ట్ ఉంది. వీపు మీద చిన్న చిన్న పట్టీలు 48 గంటలు ఉంచి, తీసినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి మరోసారి చూస్తారు. చివరిసారి చూసేదాకా వీపు తడవకూడదు, చెమట పట్టే ఆటలు ఆడకూడదు. ఎండలు ముదరకముందే చేయించండి.

చీము పట్టినా, జ్వరం వచ్చినా, తమ్మె వేడిగా ఉండి బాగా నొప్పి పుట్టినా అది ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, ఆలస్యం చేయకండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీములు కొని రాయకండి. పసుపు, సున్నం, వెల్లుల్లి రసం లాంటివి పచ్చి పుండు మీద వద్దే వద్దు. వదిన గారూ, వేపపుల్ల మీ అమ్మగారి కాలంలో పని చేసిందంటే, చెవికి లోహం తగలకపోవడమే దానికి కారణం. కానీ రసి కారుతున్న చెవిలో శుభ్రం చేయని పుల్ల పెట్టొద్దు.

పోగుల పెట్టె | మార్చి 4, ఉదయం 6:50

తెనాలి అమ్మ గారూ, మా నాన్నగారు నరసాపురంలో 40 ఏళ్లు బంగారప్పని చేశారు. నేను ఆయన పక్కన కూర్చునే పెరిగాను. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ బంగారు దిద్దుల సీలలు చూశారా?

దిద్దు ముందు వైపు ఎంత మంచి బంగారమైనా చెవికి దానితో పెద్ద పని లేదు. చెవి లోపల ఉండేది కాడ. తమ్మె వెనక రాత్రంతా ఒత్తుకునేది సీల. దిద్దులు కొనేటప్పుడు అందరం ముందు వైపు రాళ్లు చూస్తాం, వెనక్కి తిప్పి చూసేవాళ్లు తక్కువ. సీల పోగొట్టుకోవడం ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. అప్పుడు బంగారం సీల చేయించుకునేవాళ్లు కొందరే. ఫ్యాన్సీ షాపులో దొరికిన సీల మరకి సరిపోతే పెట్టేసుకుంటారు. పసుపు రంగులోనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

దిద్దులు విప్పి, పగటి వెలుతురులో రెండు సీలలూ పక్కపక్కన పెట్టి చూడండి. మర లోపల ఏ రంగుందో చూడండి. తెల్లగా తేలితే అది బంగారం కాదు.

తెనాలి అమ్మ | మార్చి 4, మధ్యాహ్నం 1:20

చేతులు వణుకుతూ రాస్తున్నాను. మీరు చెప్పినట్టే తీసి చూశాను. కిందటేడు ఒక పెళ్లిలో ఎడమ చెవి సీల పడిపోయింది. అప్పుడు రెండూ ఒకేలా ఉంటాయని బజార్లో ఒక జత కొని మార్చాను. ఆ సంగతే మర్చిపోయాను. ఇప్పుడు చూస్తే తమ్మెకి ఆనుకునే అంచు మీద పూత గుండ్రంగా అరిగిపోయింది. కింద తెల్లటి లోహం కనిపిస్తోంది. పిల్ల చెవి వెనక మచ్చ కూడా సరిగ్గా అంతే గుండ్రంగా ఉంది.

నేనే నా చేత్తో రోజూ ఆ సీల బిగించాను.

గోదారి గట్టు | మార్చి 4, మధ్యాహ్నం 2:05

మీరు అలా బాధపడకండి. మా ఇంట్లో మూడేళ్లు పట్టింది ఇది తెలియడానికి. మీకు ఒక్క రోజులో తెలిసింది.

కెమిస్ట్రీ మాస్టారు | మార్చి 4, సాయంత్రం 5:30

ఇంటర్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, నికెల్‌కి డైమిథైల్ గ్లైఆక్సైమ్ పరీక్ష. అమ్మోనియా కలిపి చేస్తే గులాబీ ఎరుపు అవక్షేపం వస్తుంది. నగలకి కూడా అదే పరీక్ష. దీని చిన్న కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దగ్గర్లో ఏదైనా జూనియర్ కాలేజీ ల్యాబ్ ఉంటే అక్కడ తెలిసిన లెక్చరర్ ఒక్క నిమిషంలో చేసిపెడతారు.

దూది చుట్టిన పుల్ల మీద ఆ ద్రావణాలు ఒక్కో చుక్క వేసి, అనుమానం ఉన్న చోట అర నిమిషం గట్టిగా రుద్దాలి. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ బయటికి వస్తున్నట్టే. నగకి ఏమీ కాదు. రంగు రాకపోతే మాత్రం పూర్తిగా నమ్మేయకండి. పైపూత గట్టిగా ఉన్నంత కాలం అది నికెల్‌ని దాచేస్తుంది. కాడ మీద, కొక్కెం వంపులో, మర అంచున, అంటే పూత ముందుగా అరిగే చోట రుద్దండి.

అయస్కాంతం పరీక్షని నమ్మకండి. సర్జికల్ స్టీల్ పేరుతో చెవిపోగులకి తరచూ వాడే 316ఎల్ రకం స్టీలు అయస్కాంతానికి సాధారణంగా అంటుకోదు, కానీ అందులో 10 శాతం పైనే నికెల్ ఉంటుంది.

సన్నజాజి | మార్చి 4, రాత్రి 8:10

మాస్టారూ, సర్జికల్ స్టీల్ అంటే ఆపరేషన్లకి వాడేది కదా? శరీరం లోపలే పెడుతుంటే చెవికి ఏమవుతుంది? నేను ఆరేళ్లుగా పెట్టుకుంటున్నా, నాకేం కాలేదు. నాకూ వాచీ బకిల్ పడదు.

కెమిస్ట్రీ మాస్టారు | మార్చి 4, రాత్రి 8:45

మీకు పడిందంటే కాదనను. అది నిజమే అయ్యుంటుంది. స్టీలులో క్రోమియం ఉంటుంది. అది పైన కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కట్టి నికెల్‌ని లోపలే పట్టి ఉంచుతుంది. చెవికి సంబంధించినంత వరకు లోపల ఎంత నికెల్ ఉందన్నదానికంటే బయటికి ఎంత వస్తోందన్నదే లెక్క. మంచి స్టీలు నుంచి చాలా తక్కువ వస్తుంది. కానీ "సర్జికల్ స్టీల్" అని అట్ట మీద అచ్చు వేసినంత మాత్రాన లోపల ఏ రకం స్టీలు ఉందో మనకి తెలియదు. రసి కారుతున్న చెవి మీద ఆ ప్రయోగం వద్దని నా అభిప్రాయం.

బర్మింగ్‌హామ్ నుంచి | మార్చి 5, తెల్లవారుజామున 2:30

మాస్టారు చెప్పిన "ఎంత బయటికి వస్తోంది" అన్నదే ఇక్కడ చట్టం కూడా. నికెల్ మీద డెన్మార్క్ 1990లోనే హద్దు పెట్టింది. 1994లో యూరోపియన్ యూనియన్ అంతటికీ నియమం చేశారు. చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముకి మించి నికెల్ రాకూడదు. కుట్టిన చెవిలోకి వెళ్లే కాడకి ఇంకా తక్కువ, 0.2 మైక్రోగ్రాములే. కాడని విడిగా, అంత కఠినంగా చూశారంటే అసలు గొడవ ఎక్కడుందో అర్థమవుతుంది.

ఇండియా వెళ్లినప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది. ముచ్చటపడిన జుంకాలు కొంటాను, ఇక్కడికి వచ్చాక కొక్కేలు తీసేసి టైటానియం లేదా నియోబియం అనే లోహంతో చేసిన కొక్కేలు వేసుకుంటాను. ముక్కు సన్నగా ఉండే పట్టకార్లు రెండుంటే చాలు. నియోబియంలో నికెల్ ఉండదు, మెత్తగా వంగుతుంది, కాబట్టి కొక్కేలకి బాగుంటుంది. విద్యుత్తుతో దానికి రంగులు కూడా తెప్పిస్తారు, అది పైన పూసే రంగు కాదు.

టెక్సస్ తెలుగమ్మాయి | మార్చి 5, ఉదయం 7:15

టైటానియం కొనేవాళ్లకి ఒక మాట. ఉత్త "టైటానియం" అని రాస్తే చాలదు. "ఏఎస్‌టీఎం ఎఫ్ 136" అని ఉందేమో చూడండి. శరీరంలో అమర్చే పరికరాలకి వాడే రకం అది. "టైటానియం కోటెడ్", "టైటానియం ఫినిష్" అంటే పైన పూత మాత్రమే, కింద ఏ లోహమైనా ఉండొచ్చు. "హైపోఅలర్జెనిక్" అన్న మాటకీ అంతే. లోపల ఏ లోహం ఉందో ఆ మాట చెప్పదు. అమ్మేవాళ్లని లోహం పేరు చెప్పమని అడగండి. చెప్పకపోతే ఆ వస్తువు వదిలేయండి.

నాకు రెండేళ్లుగా వెనక పలకలా ఉండే టైటానియం పోగులే. పడుకున్నా గుచ్చుకోవు.

గోదారి గట్టు | మార్చి 5, ఉదయం 9:00

అయితే మన బంగారు దిద్దులకే ఆచారి గారితో టైటానియం కాడ అతికించుకోవచ్చు కదా?

పోగుల పెట్టె | మార్చి 5, ఉదయం 10:40

కుదరదండీ. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీల వేడి కావాలి, పైగా గాలిలో వేడి చేస్తే వెంటనే పొర కట్టేస్తుంది. బంగారం అతికే మంటకి, టాంకానికి (అతుకు వేసే లోహానికి) అది లొంగదు. టైటానియం కావాలంటే మొత్తం పోగు టైటానియందే కొనుక్కోవాలి. మన ఆచారి గారి చేత చేయించుకునేదైతే బంగారం కాడ, బంగారం సీల.

బంగారం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఇక్కడ తికమకలు చాలా ఉన్నాయి. 22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం, మిగతాది మామూలుగా రాగి, వెండి. 18 క్యారెట్ల పసుపు బంగారంలో 75 శాతం. అది కూడా రాగి, వెండి కలిపి చేసిందైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. జాగ్రత్త పడాల్సింది వైట్ గోల్డ్ దగ్గర. పసుపు బంగారాన్ని తెల్లగా చేయడానికి నికెల్ కలపొచ్చు, పెల్లాడియం అనే ఇంకో లోహం కలపొచ్చు. పైన రోడియం అనే తెల్లటి లోహం పూత వేస్తారు కాబట్టి కొత్తలో ఏమీ తెలియదు. రెండు మూడేళ్లకి కాడ మీద పూత అరిగాక మొదలవుతుంది. వజ్రాల దిద్దులు తీసుకునేవాళ్లు బిల్లు వేయకముందే "ఇది నికెల్ వైటా, పెల్లాడియం వైటా" అని అడగండి.

హాల్‌మార్క్ ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. హాల్‌మార్క్ బంగారం ఎంత శాతం ఉందో చెబుతుంది. మిగతా భాగంలో ఏం కలిపారో చెప్పదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ (ప్రతి నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కానీ 2 గ్రాముల లోపు వస్తువులకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. పిల్లల పోగులు, చిన్న దిద్దులు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. అంటే అక్కడ మనకున్న ఆధారం చేసిన మనిషే.

కేడీఎం అంటే ఏమిటని కూడా అడుగుతుంటారు. అది కాడ్మియం కలిపిన టాంకంతో అతికిన నగకి వచ్చిన పేరు. కాడ్మియం పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకి చెరుపని మానేశారు. నికెల్‌కి దానికి సంబంధం లేదు.

మా నాన్నగారు పసిపిల్లల చెవులు కుట్టేటప్పుడు సూది కూడా బంగారు తీగతోనే చేసేవారు. మేనమామ ఒళ్లో పిల్లని గట్టిగా పట్టుకునేవాడు, ఈయన తీగ గుచ్చి అక్కడే చుట్ట చుట్టేసేవారు. ఆ తీగే నెలల తరబడి చెవికి ఉండేది. పచ్చి చెవికి వేరే లోహం తగిలేది కాదు. ఇప్పుడు గన్నుతో కొట్టే పోగు ఏ లోహానిదో అడిగేవాళ్లే లేరు. ఆ మొదటి పోగు విషయంలోనే ఎక్కువ పట్టుదలగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

చర్మ వైద్యం, విశాఖ | మార్చి 5, మధ్యాహ్నం 12:30

పెల్లాడియం మాట వచ్చింది కాబట్టి, నికెల్ పడనివాళ్లలో కొందరికి ప్యాచ్ టెస్టులో పెల్లాడియం కూడా తేలుతుంది. కాబట్టి పసుపు బంగారం పడుతున్నవాళ్లు వైట్ గోల్డ్ జోలికి పోకపోవడం నయం. తెల్లగానే కావాలంటే ప్లాటినం ఉంది, ఖరీదెక్కువ. బంగారమే పడనివాళ్లు కూడా ఉంటారు, అరుదు.

సన్నజాజి | మార్చి 5, సాయంత్రం 4:00

మరి వెండి? మా చెల్లికి వెండి అంటే ప్రాణం.

పోగుల పెట్టె | మార్చి 5, సాయంత్రం 6:20

925 వెండి అంటే 92.5 శాతం వెండి, మిగతాది మామూలుగా రాగి. సాధారణంగా నికెల్ ఉండదు. చాలామందికి పడుతుంది. చెమటకి నల్లబడుతుంది, అది వేరే సంగతి, తుడుచుకోవాలి.

జర్మన్ సిల్వర్ మాత్రం వెండి కాదండీ. పేరులో తప్ప అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింక్ కలిపి చేస్తారు. వందకి 60 పాళ్లు రాగి, 20 నికెల్, 20 జింక్ అన్నది ప్రసిద్ధమైన మిశ్రమం. ఆక్సిడైజ్డ్ అని బజార్లో అమ్మే నగలు చాలావరకు ఇత్తడివో జర్మన్ సిల్వర్‌వో అయ్యుంటాయి. తెనాలి అమ్మ గారి పాప మొదట పెట్టుకున్నవి కూడా అవే కావచ్చు. వాళ్ల పిన్నిని ఏమీ అనకండి, ఆమె ప్రేమతో కొనిచ్చింది.

వన్ గ్రామ్ గోల్డ్, చిలకలపూడి కవరింగ్ గురించి కూడా అడుగుతారు. రాగి మీద నేరుగా బంగారు పూత అయితే నికెల్ బాధ లేదు. పూత మెరవడానికి, గట్టిగా పట్టడానికి కొన్నిచోట్ల అడుగున నికెల్ పొర వేస్తారు. చూపుతో చెప్పలేం. మాస్టారు చెప్పిన పరీక్షే దారి.

వరంగల్ వదిన | మార్చి 5, రాత్రి 9:30

కాడకి రంగులేని నెయిల్ పాలిష్ పూసుకుంటే చాలంటారు కదా?

కెమిస్ట్రీ మాస్టారు | మార్చి 5, రాత్రి 9:50

ఒక పూట పెళ్లికి కొంతవరకు ఆగుతుంది. మరలో తిరిగేటప్పుడు, రంధ్రంలోంచి లాగేటప్పుడు గీసుకుపోతుంది. మానిన చెవికి కూడా దాన్ని నమ్ముకుని రోజంతా ఉంచకండి.

తెనాలి అమ్మ | మార్చి 9, రాత్రి 8:00

మా తమ్ముడు జూనియర్ కాలేజీలో చెబుతాడు. ల్యాబ్‌కి సీలలు, జుంకాలు, దిద్దులు అన్నీ పట్టుకెళ్లాను. బంగారు దిద్దు కాడ మీద రుద్దితే దూది తెల్లగానే ఉంది. సీల మీద రుద్దగానే మొదట లేతగా, తర్వాత తామర రేకు రంగులో గులాబీ వచ్చేసింది. జుంకా కొక్కెం మీద ఇంకా ముదురుగా వచ్చింది. మా అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. "అమ్మా, ఇదా నన్ను ఇన్ని రోజులు ఏడిపించింది" అంది.

చెవులకి ఇప్పుడు ఏమీ పెట్టట్లేదు. డాక్టరు గారు రాసిన క్రీము వారం రోజులకే, అదీ పల్చగా రాయమన్నారు. రసి ఆగింది. ప్యాచ్ టెస్టుకి తేదీ ఇచ్చారు.

ఫంక్షన్‌కి పెద్ద బుట్టలు పెట్టాలని మా అత్తగారి పట్టు. అన్నీ బంగారంతో చేయించే స్తోమత మాకు లేదు. ఏం చేయమంటారు?

పోగుల పెట్టె | మార్చి 9, రాత్రి 9:10

బుట్టలు బంగారంవి అక్కర్లేదు. పాత బంగారు దిద్దులకే 22 క్యారెట్ల సీలలు చేయించండి, అర గ్రాము పైచిలుకు బంగారం పడుతుంది. ఆ దిద్దు కింద చిన్న బంగారు రింగు అతికించమనండి. వన్ గ్రామ్ బుట్టని ఆ రింగుకి తగిలించండి. చెవి లోపలికి వెళ్లేది బంగారమే, బుట్ట కిందికి వేలాడుతుంది. బుట్ట బరువు మోయడానికి మాటీలు పెడతారు కదా, అవి చెవి వెనక చర్మానికి రాసుకుంటాయి, వాటి బదులు ముత్యాల దండలాంటిది దారంతో కట్టించండి. ఫొటోలయ్యాక బుట్టలు తీసి దిద్దులు మాత్రం ఉంచండి.

గోదారి గట్టు | మార్చి 9, రాత్రి 9:40

ఇంకోటి. ఓణీకి పెట్టే పిన్నీసులు చర్మానికి తగలకుండా జాకెట్టు బట్ట మడతలోంచి గుచ్చండి. నాకు గుండెల మీద రూపాయంత మచ్చ ఏళ్ల తరబడి మానలేదు. నల్లపూసల గొలుసుకి అవసరానికి ఉంటుందని ఒక పిన్నీసు తగిలించి ఉంచుకునేదాన్ని. అది తీసేశాక మానింది. మా అబ్బాయికి బొడ్డు కింద దద్దుర్లు జీన్స్ గుండీ వల్ల. లోపల బట్ట కుట్టించాను.

తెనాలి అమ్మ | ఏప్రిల్ 9, ఉదయం 11:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. ప్యాచ్ టెస్టులో నికెల్ అనే తేలింది. వేరే ఏదీ రాలేదు. మా ఊరి ఆచారి గారు సీలలు, రింగులు రెండు రోజుల్లో చేసిచ్చారు. మర ఎక్కించేటప్పుడు నా కళ్ల ముందే చేశారు. ఫంక్షన్ నాడు బుట్టలు నాలుగు గంటలే పెట్టుకుంది. దిద్దులు ఈ రోజుకి కూడా చెవినే ఉన్నాయి. నిన్న మొన్న రెండు రోజులూ గంటకోసారి చెవి వెనక వేలు పెట్టి చూస్తున్నానని విసుక్కుంది. పొడిగా, మెత్తగా ఉంది. గలీబు మీద మచ్చ లేదు.

జుంకాలు పారేయలేదు. కొక్కేలు తీసి పెట్టాను. టైటానియం కొక్కేలు తెప్పిస్తున్నాం, వాళ్ల పిన్ని ఇచ్చినవి కదా, పెట్టుకుంటానంటోంది.

వరంగల్ వదిన | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:00

కళ్లు చెమర్చాయి అక్కా. ఇది చదివాక నా ముక్కుపుడక మీద అనుమానం వస్తోంది. లోపలి వైపు ఎప్పుడూ పొక్కులే. ముందు రాయి బంగారంలోనే పొదిగారు. వెనక మర ఏదో తెలియదు.

పోగుల పెట్టె | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:25

వదినా, దాన్ని ఈ రోజే తీసేయండి. రంధ్రం పూడకుండా మెడికల్ ప్లాస్టిక్ పుల్ల దొరుకుతుంది, అది పెట్టుకోండి. రేపు పగటి వెలుతురులో మర వెనక వైపు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.